అటక దించే ముందు: వంటింటి పాత సామాను మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

సంక్రాంతి ముందు ఇల్లు దులిపేటప్పుడు అటక మీది సామాను కిందికి దిగుతుంది. పండగ వెళ్ళగానే అందులో ముప్పావు వంతు మళ్ళీ పైకెక్కుతుంది. ఈసారి ఎక్కనివ్వకూడదని గట్టిగా అనుకున్నవాళ్ళు పంపిన ప్రశ్నలివి. మా జవాబులన్నిటికీ కొలత ఒక్కటే: తీసుకున్నవాళ్ళు ఆ వస్తువును మర్నాడు పొద్దున్నే పొయ్యెక్కించుకోగలగాలి. రిపేరు చేయించుకోవాల్సినవీ, మూత వెతుక్కోవాల్సినవీ, భయపడుతూ వాడాల్సినవీ ఇస్తే మన అటక బరువు వాళ్ళ నెత్తికి ఎత్తినట్టే.

పెళ్ళై ఇరవై రెండేళ్ళు. పెళ్ళిలో చదివించినవి, వాయనాలకు వచ్చినవి, గృహప్రవేశాల్లో ఇచ్చినవి కలిసి అటక నిండా స్టీలు సామానే. ఇంట్లో నలుగురం. ఆరు నెలలు వాడనిది తీసెయ్యాలంటారు, అలా చేస్తే సగం వంటిల్లు ఖాళీ అయ్యేలా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
— పాఠకురాలు, తెనాలి

ఆ ఆరు నెలల లెక్క మన వంటిళ్ళకు కుదరదండి. అరిసెల చెక్క సంక్రాంతికి దిగుతుంది, ఆవకాయ బేసిను మే నెలలో, కుడుముల పళ్ళెం చవితికి. అన్నీ ఏడాదికోసారి వాడేవే, అన్నీ అవసరమైనవే. అందుకని ఒక సంక్రాంతి నుంచి మరుసటి సంక్రాంతి దాటేదాకా, అంటే 13 నెలలు గడువు పెట్టుకోండి. సందేహం ఉన్న ప్రతి గిన్నె చెవికీ, డబ్బా మెడకీ తెల్ల దారం ఒక్క ముడి వేసి కట్టండి. వాడిన రోజు దారం తెంపెయ్యండి. గడువు దాటాక ఇంకా దారంతో ఉన్నవి బయటికి వెళ్ళాలి. గుర్తు పెట్టుకుంటాంలే అనుకుంటే మాత్రం కుదరదు. అటక కింద నిలబడితే ప్రతి గిన్నే మొన్ననే వాడినట్టు అనిపిస్తుంది.

దారాలు కట్టే ముందు ఒక పూట పని ఉంది. వంటిల్లంతా ఒకేసారి దించకండి, మధ్యాహ్నానికి ఓపిక అయిపోయి అన్నీ మళ్ళీ పైకే పోతాయి. ఒక పూటకు ఒక రకం. మొదట గిన్నెలూ మూతలూ. అన్నీ హాల్లో నేల మీద పరిచి మూతలు జత కలపండి. మూత లేని గిన్నెలు, గిన్నె లేని మూతలు ఎన్ని తేలతాయో చూసి మీకే ఆశ్చర్యం వేస్తుంది. గిన్నె లేని మూతల్లో రెండు మూడు పళ్ళేలుగా పనికొస్తాయి, మిగతావి పాత సామాన్లవాడికి. రెండో పూట పళ్ళేలు, గ్లాసులు, చెంబులు. మూడో పూట డబ్బాలు. గరిటెలు, పట్టకార్లు, పప్పుగుత్తులు చివర్న. అవి చిన్నవే గానీ ఎక్కువ సమయం తినేస్తాయి.

నలుగురున్న ఇంటికి పళ్ళేలు 10, గ్లాసులు 12, వండే గిన్నెలు చిన్నా పెద్దా కలిపి 8, వడ్డించే గిన్నెలు 6 ఉంటే చుట్టాలు వచ్చినా లోటుండదు. పది మందికి మించి భోజనాలు పెట్టేది ఏడాదికి రెండుసార్లయితే ఆ రెండు రోజులకూ సామాను అద్దెకు తెచ్చుకోవడమే నయం.

వాయనాల్లో వచ్చిన చిన్న కుంకుమ భరిణెలు, అరచేయంత పళ్ళేలు ఎవరికి దానమిచ్చినా వాళ్ళకు పనికిరావు. కవరు విప్పనివి పక్కన పెట్టి శ్రావణమాసంలో మళ్ళీ వాయనానికే వాడుకోండి. ఒక్క జాగ్రత్త: ఎవరిచ్చిందో చీటీ రాసి లోపల పెట్టండి, ఇచ్చేటప్పుడు తీసెయ్యండి. ఇచ్చినావిడ చేతికే తిరిగి వెళ్ళిందంటే ఆ కథ ఊళ్ళో పదేళ్ళు నడుస్తుంది.

స్టీలు గిన్నెల మీద అంటుకుపోయిన స్టిక్కరుకు కొబ్బరినూనె రాసి పావుగంట ఆగి పాత బట్టతో రుద్దితే జిగురుతో సహా వస్తుంది. చాకుతో గీకితే గీతలు పడతాయి. లోపలి తెల్లటి నీటి మరకకు నిమ్మచెక్క చాలు. అడుగంటి నల్లబడిన స్టీలు గిన్నెలో నీళ్ళు పోసి చెంచాడు వంటసోడా వేసి పది నిమిషాలు మరిగించండి. అదే పని అల్యూమినియం గిన్నెలో చేస్తే సోడా లోహాన్ని తినేసి గిన్నె ఇంకా నల్లబడుతుంది. దానికి చింతపండు నీళ్ళో, నిమ్మతొక్కలో వేసి కాచండి.

ఐదు లీటర్ల ప్రెషర్ కుక్కరు ఒకటి పక్కన పడుంది, ఎనిమిదేళ్ళ కిందటిది. కొత్తది కొన్నాం. పాతది ఎవరికైనా ఇవ్వచ్చా? పేలితే పాపం మనకే కదా.
— పాఠకుడు, కరీంనగర్

ఇవ్వచ్చు, పరీక్షలో నెగ్గితే. వంటింటి సామానులో ఇంత జాగ్రత్తగా చూడాల్సింది ఇంకోటి లేదు కాబట్టి వివరంగానే చెబుతాం.

ముందు మూత. వెయిట్ తీసేసి, అది కూర్చునే గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూడండి. అవతలి వెలుగు గుండ్రంగా కనబడాలి. సగమే కనిపిస్తే పప్పు నురగ ఎండి అడ్డుపడిందన్నమాట. చీపురుపుల్లతో తోసి, కుళాయి కింద పెట్టి, నోటితో ఊది చూడండి. ఆవిరి బయటికి పోయే అసలు దారి ఇదే. ఇది మూసుకుంటే భారమంతా సేఫ్టీ వాల్వ్ మీద పడుతుంది.

తర్వాత ఆ సేఫ్టీ వాల్వ్. మామూలు కుక్కర్లలో దీని మధ్యలో తక్కువ వేడికే కరిగే లోహపు బిళ్ళ ఉంటుంది. నీళ్ళు ఇంకిపోయి లోపలి వేడి హద్దు దాటితే అది కరిగి ఆవిరికి దారి ఇస్తుంది. ఒకసారి కరిగిందంటే వాల్వ్ మార్చాల్సిందే. కొందరు మెకానిక్కులు ఆ కన్నంలో మామూలు బోల్టు బిగించి పంపేస్తారు. కుక్కరు బాగానే ఉడికిస్తుంది, విజిల్ కూడా వేస్తుంది, కాపాడేది మాత్రం ఏమీ మిగలదు. మీ మూత మీద వాల్వ్ ఉండాల్సిన చోట బోల్టు గానీ, సీలు చేసిన ముద్ద గానీ కనిపిస్తే ఆ మూతతో ఇవ్వకండి. అదే కంపెనీ వాల్వ్ కొని బిగించగలిగితేనే ఇవ్వండి.

గాస్కెట్ ఎలాగూ కొత్తది కొనండి, ఆలోచించొద్దు. ఏడాదికోసారి మార్చాల్సిన వస్తువది. ఎనిమిదేళ్ళ కుక్కరుకు పాత రబ్బరే ఉంచి ఇస్తే తీసుకున్నవాళ్ళు మొదటి రోజే మిమ్మల్ని తలుచుకుంటారు. కంపెనీ పేరు, లీటర్లు రెండూ చెప్పి కొనాలి. సైజు దగ్గర దగ్గరగా ఉందని వేరే కంపెనీది తెస్తే అంచున ఆవిరి కారుతూనే ఉంటుంది.

ఇక గిన్నె. గ్రానైట్ గట్టు మీద నిలబెట్టి వేలితో అటూ ఇటూ నొక్కండి. ఊగితే అడుగు ఉబ్బింది, ఎప్పుడో నీళ్ళు లేకుండా కాలింది. తర్వాత బోర్లించి అంచు చూడండి. బోర్లించినప్పుడు ఊగితే కింద పడి అంచు వంగింది. రెండింట్లో ఏది కనిపించినా అది లోహం ధరకు పోవాల్సిన కుక్కరే.

చివరిది నీళ్ళ పరీక్ష. రెండు గ్లాసుల నీళ్ళు పోసి, మూత పెట్టి, పెద్ద మంట మీద ఉంచండి. కాసేపు ఆవిరి పలచగా వచ్చి, 5 నుంచి 8 నిమిషాల్లో విజిల్ రావాలి. ఈలోగా అంచు చుట్టూ నీటి బొట్లు చిమ్మితే గాస్కెట్ సరిగా కూర్చోలేదు. సేఫ్టీ వాల్వ్ దగ్గర బుసబుసమంటే వాల్వ్ పోయింది. మూడు విజిళ్ళు బాగా వచ్చాక ఆపి, ఆవిరి దానంతటదే దిగేదాకా ఆగి మూత తియ్యండి. పిడి స్క్రూలు బిగించండి.

ఐఎస్‌ఐ గుర్తు ఉందో లేదో కూడా చూడండి. కుక్కర్ల ప్రమాణం ఐఎస్ 2347. 2021 ఫిబ్రవరి నుంచి ఆ గుర్తు లేని కుక్కర్లు మన దేశంలో అమ్మకూడదు. మీది అంతకు ముందుది కాబట్టి గుర్తు ఉండచ్చు, లేకపోవచ్చు. లేకపోతే మా సలహా ఇవ్వొద్దనే.

ఇచ్చేటప్పుడు నోటితో చెప్పాల్సినవి రెండు. మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు. పొంగే పప్పు, బియ్యం అయితే సగానికి మించకూడదు. ఇంతకు ముందు కుక్కరు వాడని ఇంటికి ఇస్తున్నారంటే వాళ్ళ ఎదుటే ఒకసారి పెట్టి, దించి, తీసి చూపించండి.

మా ఇంట్లో పనిచేసే ఆమెకు సంచి నిండా గిన్నెలు, డబ్బాలు ఇచ్చాను. నవ్వుతూనే తీసుకుంది. రెండు రోజులకు వాటిలో కొన్ని వీధి చివర చెత్తకుండీ దగ్గర కనిపించాయి. మనసు చివుక్కుమంది. తప్పెక్కడ జరిగింది?
— పాఠకురాలు, విశాఖపట్నం

సంచి కట్టి ఇవ్వడంలో. మూటలో ఏముందో చూడకుండా తీసుకోవాలి, వద్దనడానికి ఆమెకు వీలుండదు, పని మీది మొహమాటం. ఆమె ఇల్లు ఒక్క గదే కావచ్చు, పొయ్యికి ఒక్కటే బర్నర్ ఉండచ్చు. ఆరు లీటర్ల డేగిసా పెట్టుకోవడానికి చోటేది?

ఇంకోసారి సామానంతా కడిగి, వరండాలో చాప మీద పరిచి, "నీకు పనికొచ్చేవి చూసి తీసుకోమ్మా, మిగతావి వేరేవాళ్ళకి ఇస్తాను" అనండి. మీరు లోపలికి వెళ్ళిపోండి. మీరు ఎదురుగా నిలబడితే మళ్ళీ అన్నీ తీసుకుంటుంది. తీసుకెళ్ళినదాన్ని ఆమె అమ్ముకున్నా, చెల్లెలికి ఇచ్చినా అడగొద్దు. పండగ మామూలుకో జీతానికో ముడిపెట్టొద్దు, "అన్ని గిన్నెలిచ్చాను కదా" అనే మాట ఎప్పుడూ నోటివెంట రానివ్వద్దు. ఇక చెత్తకుండీ దగ్గర కనిపించినవి ఏమిటో రాయలేదు మీరు. మూతల్లేని ప్లాస్టిక్ డబ్బాలూ గీతలు పడిన పెనాలూ అయితే ఆమె చేసింది సబబే. వాటి సంగతి కిందున్న జవాబులో చూడండి.

పూత లేచిపోయిన నాన్‌స్టిక్ పెనాలు మూడు, ఐస్‌క్రీమ్ డబ్బాలు లెక్కలేనన్ని, మెలమైన్ ప్లేట్ల సెట్టు ఉన్నాయి. పారెయ్యాలంటే ప్రాణం ఒప్పట్లేదు.
— పాఠకురాలు, హైదరాబాద్

ఒప్పించండి. నాన్‌స్టిక్ పూత 260 డిగ్రీలు దాటితే విచ్ఛిన్నం కావడం మొదలవుతుంది. ఖాళీ పెనం పెద్ద మంట మీద మరిచిపోతే అక్కడికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. పూత లేచినది మనకు పనికిరాదంటే ఇంకొకరికీ పనికిరాదు. పిడి విప్పేసి, అల్యూమినియం ధరకు పాత సామాన్లవాడికి వెయ్యండి. గీత పడని, పూత మెరుస్తున్న పెనమైతే చెక్క అట్లకాడతో కలిపి ఇవ్వండి. స్టీలు అట్లకాడతో ఇస్తే నెలకల్లా పూత లేచిపోతుంది.

ప్లాస్టిక్ డబ్బా అడుగున త్రికోణంలో అంకె ఉంటుంది. 5 ఉన్నది, మూత గట్టిగా పట్టేది, లోపల గీతలు లేనిది ఇవ్వచ్చు. 1 ఉన్న పలచటి జాడీలూ నీళ్ళ సీసాలూ వేడి పదార్థాలకు పనికిరావు, పొడి సరుకుకైతే సరే. 6 ఉన్నవి, పసుపురంగుకు తిరిగినవి, ఆవకాయ వాసన వదలనివి పొడి చెత్తలోకే. పసుపు మరక ఒక్కటే అడ్డమైతే డబ్బాను తడిపి రెండు రోజులు ఎండలో పెట్టండి, ఎండకు పసుపు వెలిసిపోతుంది.

మెలమైన్ ప్లేట్లు మెరుపు పోయి, చాకు గీతలు పడితే ఇవ్వకండి. బాగున్నవి ఇస్తే మాత్రం ఓవెన్లో పెట్టకూడదని, మరుగుతున్న వేడి పులుసు పొయ్యకూడదని చెప్పాలి. ఒక మాట: వీటిలో ఏదీ భోగిమంటలో వెయ్యొద్దు. పాత చెక్క పీట వేస్తే పండగ, పెనం పిడి వేస్తే వీధంతా దగ్గు.

మా అమ్మమ్మగారి ఇత్తడి గుండిగలు, రాగి బిందె, కంచు పళ్ళేలు మా వాటాకు వచ్చాయి. ఫ్లాట్‌లో పెట్టుకునే చోటు లేదు. తూకానికి అమ్మాలా, ఎవరికైనా ఇవ్వాలా?
— పాఠకుడు, రాజమహేంద్రవరం

అమ్మే ముందు ఏది ఏ లోహమో తేల్చుకోండి. అన్నీ ఒకే కుప్పగా తూచి ఇత్తడి ధర కట్టించుకుంటే నష్టపోయేది మీరే. వేలి గోటితో కొట్టి చూడండి. కంచు గంటలా మోగి ఆ మోత కాసేపు నిలుస్తుంది, ఇత్తడి టక్కున ఆగిపోతుంది. ఇత్తడికి దెబ్బ తగిలితే సొట్ట పడుతుంది. కంచు సొట్ట పడదు, పగులుతుంది. రాగీ తగరమూ కలిస్తే కంచు, రాగీ జింకూ కలిస్తే ఇత్తడి. కంచు పళ్ళేనికి కళాయి అక్కర్లేదు, నేరుగా భోంచెయ్యచ్చు. వాడే ఇంటికి ఇవ్వదగ్గది అదే. అంచున జుట్టంత పగులైనా ఉందేమో ముందు చూడండి. పగిలిన కంచు గంటలా మోగదు, చిల్లు కుండలా వినిపిస్తుంది.

ఇత్తడి గుండిగలో వండాలంటే లోపల కళాయి ఉండాలి. కళాయి అంటే తగరం పూత. పాత్రను బాగా తోమి, బొగ్గుల మీద ఎర్రగా కాచి, నవాసాగరం చల్లి తెల్లటి పొగ వస్తుండగా తగరం ముక్క రాస్తారు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి వెంటనే నీరై పారుతుంది, దూదితో గుండ్రంగా తుడిచి లోపలంతా పరుస్తారు. చల్లారితే వెండిలా తెల్లగా ఉంటుంది. అడుగున పసుపుపచ్చగా మచ్చలు తేలుతున్నాయంటే కళాయి పోయిందన్నమాట. ఆ పాత్రలో చారో పులుసో కాస్తే పులుపుకు రాగి, జింకు దిగి చిలుము కడుతుంది, వాంతులవుతాయి. వేయించేటప్పుడు సీసం కలపని తగరమే వెయ్యమని చెప్పి, ఎదుట కూర్చుని వేయించుకోండి. వాడకాన్ని బట్టి ఆరు నెలలకో ఏడాదికో మళ్ళీ వేయించాలి. ఈ తిరుగుడు, ఈ ఖర్చు పడలేని ఇంటికి గుండిగ ఇవ్వడం బరువు మోపడమే. నిత్యం అన్నదానం జరిగే గుడికో, పెళ్ళి వంటలు చేసే వంటవాళ్ళకో కళాయి వేయించి ఇస్తే వాడుకుంటారు.

సత్తు గిన్నె ఉంటే వేరుగా పెట్టండి. సత్తు అంటే కొన్ని చోట్ల అల్యూమినియం, చారు కాచే ఇళ్ళల్లో తగరం. తగరం గిన్నె చేతిలో మెత్తగా, బరువుగా ఉంటుంది. ఖాళీగా మంట మీద పెడితే కారిపోతుంది. పాతవాటిలో సీసం కలిసిందో లేదో ఇంట్లో తేల్చుకోలేం, అందుకని అవి వంటకు ఎవరికీ ఇవ్వకండి.

అమ్మాలనే అనుకుంటే ఇంట్లో బరువు చూసే మిషను మీద మీరు ఎక్కి ఒకసారి, గుండిగ పట్టుకుని ఒకసారి తూచి తేడా రాసుకోండి. రెండు కొట్లలో ధర అడగండి. ఇనుముకన్నా ఇత్తడికి ఎన్నో రెట్లు పలుకుతుంది, రాగికి ఇంకా ఎక్కువ. మీద పనితనం ఉంటే తూకానికి వెయ్యొద్దు. మన దగ్గర శ్రీకాకుళం జిల్లా బుడితి, జనగామ దగ్గర పెంబర్తి ఇత్తడి పనికి పేరున్న ఊళ్ళు, రెండింటి పనికీ భౌగోళిక గుర్తింపు ఉంది. అలాంటి పనితనం తెలిసినవాళ్ళకు ఒకసారి చూపించి ఆ తర్వాత నిర్ణయించుకోండి.

మా నాన్నగారి షష్టిపూర్తికి కొన్న స్టీలు భోజనపళ్ళేలు 120, గ్లాసులు 150 ఉన్నాయి. విడివిడిగా పంచకుండా ఊరికి ఉపయోగపడేలా ఇవ్వాలని ఉంది.
— పాఠకుడు, మెదక్

ఇలాంటి ప్రశ్నలు ఇంకా రావాలి. ఒకే సైజు పళ్ళేలు అన్ని ఉంటే పంచెయ్యడం వృథా. స్టీల్ బ్యాంకుకు ఇవ్వండి. మీకు పక్కనే ఉన్న సిద్దిపేట జిల్లాలో పల్లెల్లో మహిళా సంఘాలు వీటిని నడుపుతున్నాయి. పెళ్ళి, పుట్టినరోజు, దినాలు ఏవి జరిగినా అక్కడి పళ్ళేలు, గ్లాసులు తీసుకెళ్ళి వాడి తిరిగి ఇస్తారు, వాడిపారేసే ప్లేట్లు కొనే పని ఉండదు. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలకు దేశమంతటా నిషేధం ఉంది కదా, దానికి పల్లెలో దొరికే జవాబు ఇదే.

మీ ఊళ్ళో లేకపోతే మీ పళ్ళేలతోనే మొదలుపెట్టచ్చు, మహిళా సంఘం ఒప్పుకోవాలంతే. మొదట గుర్తు. రంగు పూస్తే నాలుగు తోముళ్ళకు పోతుంది, పేర్లు చెక్కేవాడితో ప్రతి పళ్ళెం వెనక ఊరి పేరు చెక్కించండి. గుర్తు లేకపోతే పక్క ఊరి టెంట్ హౌస్ సామానులో కలిసిపోతాయి. పలచటి భోజనపళ్ళెం 200 నుంచి 250 గ్రాములుంటుంది. మీ 120 పళ్ళేలూ కలిసి 24 నుంచి 30 కిలోలు. ఒకే మూట కడితే ఆడవాళ్ళు ఎత్తలేరు, 20 చొప్పున ఆరు గోనెసంచులు చెయ్యండి. లెక్కపెట్టడం కూడా సులువు.

రిజిస్టరులో తేదీ, తీసుకెళ్ళినవారి పేరు, వెళ్ళిన సంఖ్య, వచ్చిన సంఖ్య, డిపాజిట్ సరిపోతాయి. ఇలాంటివి దెబ్బతినేది రెండు చోట్ల. ఒకటి గ్లాసులు. పళ్ళేలు తిరిగొస్తాయి, గ్లాసులు రావు, పందిట్లో తలా ఒకటి ఎక్కడో పెట్టేస్తారు. అందుకే మీ దగ్గర గ్లాసులు ఎక్కువ ఉండడం మంచిదైంది. పోయిన గ్లాసుకు కొత్త గ్లాసు ధర డిపాజిట్లోంచి తగ్గించాలని ముందే నలుగురిలో అనుకోండి. రెండోది తడి. కడిగి ఆరకుండా సంచిలో వేస్తే వారానికి ముక్కిపోయిన వాసన వస్తుంది, ఇంకోసారి ఎవరూ అడగరు. కడగడం తీసుకున్నవాళ్ళ పని. బ్యాంకు వాళ్ళు ఎండలో బోర్లించి, ఆరాకే సంచిలో పెట్టాలి.

వరదల్లో నష్టపోయినవాళ్ళకు వంట సామాను పంపాలంటే ఏం పంపాలి? వృద్ధాశ్రమాలు ఏం తీసుకుంటాయి?
— పాఠకురాలు, గుంటూరు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి మునిగినప్పుడు నీళ్ళు తీశాక అందరికీ కావాల్సింది ఒక్కటే, మళ్ళీ వంట మొదలుపెట్టుకునే సామాను. తలా ఒక చోట తలా ఒక గిన్నె ఇస్తే ఏ ఇంట్లోనూ వంట మొదలవదు. ఇంటికి సరిపడా ఒక మూట కట్టండి: మూతలతో రెండు గిన్నెలు, ఒకటి అన్నానికి, ఒకటి కూరకు. ఒక మూకుడు, అట్లపెనం, అట్లకాడ, రెండు గరిటెలు, నాలుగు పళ్ళేలు, నాలుగు గ్లాసులు, చాకు, పట్టకారు, నీళ్ళకు మూత ఉన్న బిందె. చాకును అట్టముక్కలో చుట్టి రబ్బరు వెయ్యండి, మూట విప్పేవాళ్ళ చెయ్యి తెగకుండా. అన్నీ ఆ బిందెలోనే సర్దితే మోసుకెళ్ళడం తేలిక. మూట మీద "నలుగురికి" అని తెలుగులో రాయండి, పంచేవాళ్ళు విప్పి చూడక్కర్లేకుండా. పంపే ముందు అక్కడ పనిచేస్తున్నవాళ్ళని ఏది కావాలో అడగడం మరవద్దు. మొదటి రెండు మూడు రోజులు వండిన అన్నమే కావాలి, గిన్నెలు నాలుగో రోజు నుంచి.

వృద్ధాశ్రమాలకు, హాస్టళ్ళకు ఇంటి గిన్నెలు చిన్నవి. వాళ్ళకు కావాల్సింది పెద్ద పాత్రలు, ఒకే సైజు పళ్ళేలు, బరువు తక్కువ చెంబులు. ఫోన్ చేసి సైజు చెప్పి అడగండి, తీసుకెళ్ళి గుమ్మంలో దించెయ్యకండి. ఊరు దాటి వెళ్ళేలా ఇవ్వాలంటే 1999 నుంచి పనిచేస్తున్న గూంజ్ లాంటి సంస్థలు పాత్రలు కూడా తీసుకుంటాయి. ఏటా అక్టోబరు 2 నుంచి 8 దాకా దాన్ ఉత్సవ్ పేరుతో జరిగే వారంలో కాలనీ సంఘాలు ఒకచోట సేకరణ పెట్టుకుంటే తీసుకెళ్ళే బండి ఖర్చు కలిసొస్తుంది.

మా అబ్బాయి అమెరికా నుంచి తిరిగొచ్చాడు. తెచ్చిన రైస్ కుక్కరు, టోస్టరు, మా పాత మిక్సీ ఇవ్వాలనుకుంటున్నాం.
— పాఠకుడు, నెల్లూరు

అమెరికా వాటి అడుగున లేబుల్ చూడండి. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంటే ఎవరికీ ఇవ్వకండి. మన కరెంటు 230 వోల్టులు. వోల్టేజి రెట్టింపు దగ్గర పడితే వేడి పుట్టించే వస్తువు నాలుగు రెట్లు కరెంటు మింగుతుంది, ప్లగ్గు పెట్టిన నిమిషంలో మాడిపోతుంది, ఒక్కోసారి మంట కూడా లేస్తుంది. 100 నుంచి 240 అని ఉంటేనే ఇక్కడ నడుస్తుంది, కుక్కర్లకూ టోస్టర్లకూ అలా ఉండడం అరుదు. పాడైన కరెంటు సామాను పాత ఇనుములో కలపొద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని సరిగా రీసైకిల్ చేయించే బాధ్యత తయారీ కంపెనీలదే, సర్వీస్ సెంటరులో అడగండి.

మిక్సీకి జారుల్లో సగం దాకా నీళ్ళు పోసి పాత పేపరు మీద పావుగంట ఉంచండి. పేపరు తడిస్తే, అందులోనూ నల్లగా తడిస్తే బుష్, అంటే జారు అడుగున బ్లేడు ఇరుసును పట్టి ఉంచే గొట్టం, పోయింది. బ్లేడును వేలితో పక్కకు కదిపితే ఊగినా అదే మాట. మిక్సీ రిపేరు కొట్లో తక్కువ ఖర్చుతో వేస్తారు, వేయించి ఇవ్వండి. మోటారు మీద జారు కూర్చునే పళ్ళ చక్రం అరిగితే కర్‌ర్‌మంటుంది, అదీ మార్చండి. వైరు మిక్సీలోకి దిగే చోట చీలిందేమో చూడండి. టేపు చుట్టిన వైరుతో ఇవ్వొద్దు. ఇచ్చేటప్పుడు అడుగున ఉన్న ఎర్ర బటన్ చూపించండి. పిండి గట్టిగా ఉండి మోటారు ఆగిపోతే అది నొక్కితే చాలు. అది తెలియక బాగున్న మిక్సీలు రిపేరు కొట్లకు పోతుంటాయి. జారులు లేకుండా మోటారు ఒక్కటే ఇవ్వడం అసలు దండగ, ఒక కంపెనీ జారు ఇంకో కంపెనీదానికి కూర్చోదు.

రెండో సిలిండరు, పాత స్టవ్ మా డ్రైవరు కుటుంబానికి ఇవ్వచ్చా?
— పాఠకురాలు, ఖమ్మం

స్టవ్ ఇవ్వచ్చు, సిలిండరు ఇవ్వకూడదు. సిలిండరు, రెగ్యులేటరు కంపెనీవే, మీరు కట్టింది డిపాజిట్ మాత్రమే. రెండో సిలిండరు అక్కర్లేకపోతే డీలరుకు అప్పజెప్పి డిపాజిట్ వెనక్కి తీసుకోండి. మొదట ఇచ్చిన వోచరు వెతికి పెట్టుకోండి. కావాలంటే ఆ డబ్బు వాళ్ళ కొత్త కనెక్షన్‌కు సాయంగా ఇవ్వండి. స్టవ్‌తో పాటు పాత రబ్బరు ట్యూబు మాత్రం ఇవ్వొద్దు. దాని ఆయుష్షు ఐదేళ్ళు, తేదీ ట్యూబు మీదే అచ్చై ఉంటుంది. కొత్తది కొనిపెట్టండి, బర్నర్ల కన్నాలు సూదితో శుభ్రం చేసి నీలం మంట వస్తుందో లేదో చూసి ఇవ్వండి.

గిన్నెల మీద మా అత్తగారి పేరు చెక్కి ఉంది. ఇవ్వచ్చా? ఖాళీ గిన్నె ఇవ్వకూడదని, చాకు ఇవ్వకూడదని, శనివారం ఇనుము ఇవ్వకూడదని మావాళ్ళు ఒకటే గోల.
— పాఠకురాలు, అనంతపురం

పేరున్న గిన్నె నిక్షేపంగా ఇవ్వచ్చు. అత్తగారు ఉంటే ముందు ఆవిడని అడగండి, అడగకుండా ఇస్తే ఆ గిన్నె ఒక్కటే జీవితాంతం గుర్తుంటుంది. ఖాళీ గిన్నె ఇవ్వకూడదంటే గుప్పెడు బియ్యమో చారెడు పంచదారో వేసి ఇవ్వండి, తీసుకునేవాళ్ళకు కూడా బాగుంటుంది. చాకుకు రూపాయి బిళ్ళ తీసుకోమంటారు, తీసుకోండి. శనివారం ఇనప మూకుడు ఇచ్చినా తీసుకునేవాళ్ళే సందేహిస్తారు, ఆదివారం దాకా ఆగితే పోయేదేముంది?

ఆవకాయ జాడీ మూతి దగ్గర పెచ్చు ఊడింది. మిగతాదంతా బాగుంది.
— పాఠకురాలు, భీమవరం

పెచ్చు ఊడిన చోట మెరుపు పూత పోయి లోపలి మట్టి బయటపడుతుంది, అక్కడ ఉప్పూ నూనె ఇంకి పచ్చడి బూజు పడుతుంది. పచ్చడికి ఎవరికీ ఇవ్వకండి. నిండా నీళ్ళు పోసి పాత పేపరు మీద ఒక రాత్రి ఉంచండి. పేపరు తడవకపోతే రాళ్ళ ఉప్పుకు కాకుండా చింతపండుకూ కాకుండా గరిటెలు నిలబెట్టుకోవడానికి వాడుకోవచ్చు. తడిస్తే అడుగున కన్నం పొడిపించి కరివేపాకు మొక్క పెట్టండి.